ఆదిమూలం చేసిన సొరకాయ పెళ్ళి

తమిళనాట కడంబత్తూరులో ఆదిమూలం సొరకాయ సంగతి వినాలంటే ముందు కాస్త వెనక్కి జరిగి కూర్చోవాలి. కాయ పొడవు అలాంటిది. పందిరి మీదనుంచి దిగిన కాయ నేలకు తగిలి, ఇంక దిగడానికి చోటు లేక, పక్కకు తిరిగి అలిమేలమ్మ వాకిట్లోకి తొంగిచూసిన రోజులున్నాయి. ఒక ఏడు ఆ కాయను తిరువళ్ళూరు తీసుకుపోదామని రైలెక్కిస్తే, కొన ఏగాటూరు దాటినా తొడిమ ఇంకా కడంబత్తూరు ప్లాట్‌ఫారం మీదే ఉందట. ఈ మాట ఆదిమూలమే చెప్పాడు. నమ్మనివాళ్ళు ఉండొచ్చు. వాళ్ళు ఆ కాయతో వండిన కూటు కూర తిననివాళ్ళు.

మనిషి మాత్రం పొట్టి. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాక బడికే ఆయన మీద విసుగు పుట్టింది. కాక్కళూరు ఎస్టేటులో అట్టపెట్టెలు చేసే కంపెనీలో చేరి, ముప్పైమూడేళ్ళు పెట్టెలు మడిచి, యాభై ఎనిమిది నిండగానే ఇంటికొచ్చాడు. కంపెనీలో ఆయన మడిచిన పెట్టెలు ఎవరికీ గుర్తులేవు. ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు మాత్రం వీధికంతా తెలుసు.

ఆ పెరడుకు సెలవులు లేవు. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, మొదటి వాన పడగానే తీగ విత్తనాలు దిగుతాయి: సొర, బీర, పొట్ల, కాకర. దసరా ముందు పురటాసికి పందిరి కర్రలు ఆకుల కింద మాయమవుతాయి. పొట్లపిందెలు వంకర తిరగకుండా ఒక్కోదాని కొనకు ఒక్కో రాయి కడితే, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లాగా నిటారుగా నిలబడతాయి. దీపావళి వేళ ఐపసి వానల్లో వంగ మొక్కల మొదట్లో నీళ్ళు నిలవకుండా కాలవ తీయాలి. ధనుర్మాసపు మార్గళి మంచుకు చిక్కుడు పూత పడుతుంది; పేను పట్టకుండా తెల్లవారగానే పొయ్యి బూడిద చల్లాలి. సంక్రాంతితో తై వస్తే ముల్లంగి. ఉగాది వేళ పంగుని, చిత్తిరై ఎండలకు అన్నీ మాడిపోయి గోంగూర, సిర్రాకు కూర మాత్రం మిగులుతాయి. ఇంట్లో స్నానం చేసిన నీళ్ళన్నీ అప్పుడు వాటికే. ఆ రెండు నెలలూ ఆదిమూలం రోజుకు మూడుసార్లు స్నానం చేస్తాడు. శుభ్రం కోసం కాదు.

వీటన్నిటిలో సొరకాయకు ఒక మర్యాద ఉంది. ప్రతి ఏడూ మొదటి కాపులో నదురుగా ఉన్న పిందె ఒకటి చూసి, ఆదిమూలం భార్య మునిలక్ష్మి దాని తొడిమకు ఎర్రగుడ్డ పీలిక కడుతుంది. గుడ్డ కట్టిన కాయను ఇంక ఎవరూ ముట్టరు. అది తీగమీదే ముదిరి, పెంకు గట్టిపడి, లోపల గింజలు గలగలమన్నాక వంటింటి దూలానికి వేలాడుతుంది. మళ్ళీ ఆడి నెలలో దాన్ని పగలగొట్టి, వీధిలో పద్దెనిమిది ఇళ్ళకూ ఆకులో నాలుగేసి గింజలు పెట్టి ఇస్తారు. ఇచ్చేది ఆదిమూలమే. ఇస్తూ గింజల చరిత్ర చెప్పేదీ ఆయనే.

"రాయల దండుతో మా ముత్తాతకు తాత ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో ఈ గింజల మూట పట్టుకోని వచ్చినాడు. కత్తి తుప్పు పట్టిపోయింది. గింజలు జూడు, యాడన్నా తుప్పు ఉండాదా?"

మునిలక్ష్మి పక్కనే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ గింజలు ఏ దండుతోనూ రాలేదు. ఆదిమూలం తల్లి తిరుత్తణి దగ్గర తన పుట్టింటినుంచి పెళ్ళయి వచ్చినప్పుడు సారె బుట్టలో తెచ్చుకున్నవి. ఆ పుట్టిల్లే మునిలక్ష్మి పుట్టిల్లు కూడా. ఆమె ఆదిమూలానికి మేనమామ కూతురు. ఇన్నేళ్ళుగా మొగుడు తన పుట్టింటి కాయను రాయల దండులో కలిపేస్తుంటే ఆమె ఊరుకుంది. కథ బాగుందని ఊరుకుంది.

ఊరుకోనివాడు ఆమె అన్న రత్నస్వామి. తిరుత్తణిలో గుడి ఉన్న కొండ కింద ఒక లాడ్జిలో గదుల తాళాలు చూసుకునే పని. అద్దె ఇంటి మిద్దె మీద పన్నెండు పెయింటు డబ్బాల్లో మట్టి పోసి కూరగాయలు పెంచుతాడు. ఆదిమూలం అక్కడికి పోయినప్పుడల్లా ఆ డబ్బాల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"ఏం బావా, ఈ ఏడు పంట ఎన్ని స్పూన్లు?"

"నీ నోటికి చాలదులే బావా. దాన్ని నింపాలంటే చెరువు కావాల," అనేవాడు రత్నస్వామి.

బావలన్నాక ఇలాంటివి మామూలే. కానీ ఆదిమూలం పదిహేనేళ్ళుగా ఒక్కసారి కూడా మానలేదు. డబ్బా వ్యవసాయం, డబ్బా రైతు, డబ్బా సంసారం అంటూ పెళ్ళిళ్ళలో, చావుల్లో, అందరి ముందూ అనేవాడు.

అసలు కథ రెండేళ్ళ కిందట మొదలైంది. కొడుకు మురళి ఆత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. వాణ్ణి చూడ్డానికి పోయిన ఆదిమూలం, పొన్నేరిలో బస్సు పట్టుకుని రొయ్యల కోసం సముద్రం ఒడ్డున పళవేర్కాడు దాకా పోయాడు. అక్కడ పెరుమాళ్ అనే ముసలి జాలరి ఇంటి చూరుకు ఒక ఎండు సొరబుర్ర వేలాడుతోంది. గుండ్రంగా, నున్నగా, కుండంత ఉంది. ఈత నేర్చుకునేవాళ్ళు నడుముకు కట్టుకునే బుర్ర అది. తన సొరకాయను మించిన సొరకాయ భూమ్మీద ఉందని తెలిసి ఆదిమూలానికి రొయ్యల మీద ఆశ పోయింది.

"గింజలు ఉండాయా అన్నా?"

"ఉండాయి. కానీ తినేది కాదప్పా ఇది. విషం మాదిరి చేదు," అన్నాడు పెరుమాళ్.

గింజలు మడిచి జేబులో పెట్టుకునేటప్పటికి ఆదిమూలం చెవిలో 'విషం' అన్నమాట లేదు, 'కుండంత' అన్నది మాత్రమే ఉంది. రైలు దిగేసరికి ఆదిమూలం కథలో ఆ బుర్ర కట్టుకుని పెరుమాళ్ సిలోన్ దాకా ఈదిపోయి, అక్కడ కాఫీ తాగి తిరిగొచ్చాడు కూడా.

ఆ గింజలు పెరట్లో మూలన నాటాడు. తీగ కంచె మీద దున్నపోతులాగా ఎక్కింది. ఆ ఏడు ఐపసిలో రోజూ సాయంత్రం వాన. సొరపూలు విచ్చుకునేది సరిగ్గా ఆ వేళకే. తెల్లటి పూలు తడిసి ముడుచుకుపోయి, పురుగు వాలక, పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. మగపువ్వు కోసి ఆడపువ్వు మీద రుద్దితే పిందె నిలబడుతుందని ఫోనులో ఎవరో చూపించారు. ఒక సాయంత్రం వాన కాస్త తెరిపి ఇవ్వగానే ఆదిమూలం పళవేర్కాడు తీగ మగపువ్వు ఒకటి తెంపుకుని, పందిరి కింద స్టూలు వేసుకుని ఎక్కాడు.

"ఏందయ్యా చేస్తా ఉండావు?" అంది మునిలక్ష్మి.

"పెండ్లి. అడ్డం రావద్దు, ముహూర్తం దాటిపోతాది."

"మన తీగలోనే మగపూలు ఉండాయి గదా. అవి రుద్దకూడదా?"

"వాటి మొహం జూసినావా? వానకు తడిసిన కోడిపిల్లల మాదిరి ఉండాయి. ఈ మాప్పిళ్ళైని, పెండ్లికొడుకును జూడు, ఎంత ఎత్తు, ఎంత ఒడ్డు! సొంతంలో చేస్తే బిడ్డలు బక్కగా పుడతారని డాక్టర్లే చెప్తా ఉండారు."

"మనం చేసుకోలేదా సొంతంలో?"

"అందుకే మురళి అట్ల ఉండాడు. గాలి కొడితే ఆత్తిపట్టులో స్తంభానికి కట్టేయాల్సి వస్తాది."

"ఈతకు కట్టుకునే సొర చేదుగా ఉంటాది గదా."

ఆదిమూలం చేతిలో పువ్వును ఒకసారి నాకి చూశాడు. "చేదు లేదు. పో, సుమ్మా ఉండు."

పిందె నిలబడింది. మామూలుగా నిలబడలేదు. చూస్తుండగానే కుర్రాడి చెయ్యంత, ఆ తర్వాత తొడంత, చివరికి ఆదిమూలమంత అయింది. వీధివీధంతా వచ్చి చూసింది. ఎర్రగుడ్డ ఆ కాయకే కట్టారు. అదే తీగకు తర్వాత కాసిన కాయలు వండుకు తింటే ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి. ఇంకేం కావాలి? మరుసటి ఆడిలో ఆ కాయ పగిలి పద్దెనిమిది ఇళ్ళకూ గింజలు పోయాయి. పాత కాయలో మిగిలిన గింజలు డబ్బాలో పిడికెడు ఉంటే, ఇంక వీటితో పనేముందని ఆదిమూలం కోళ్ళకు చల్లేశాడు. కోళ్ళు వాటిని మర్యాదగా తినేశాయి.

పక్కింటి అలిమేలమ్మ ఆ ఐపసిలోనే మనవరాలు మోనిషాకు చెవులు కుట్టే పండగ పెట్టుకుంది. నూటయాభై ఆకులు. కూటుకు పన్నెండు సొరకాయలు తానిస్తానని ఆదిమూలం నెల ముందే అందరి ఎదుటా మాట ఇచ్చాడు. పండగ రోజు పొద్దున్నే కాయల్ని చంటిబిడ్డల్లాగా ఒక్కొక్కటే ఎత్తుకొచ్చి పరిచాడు.

అలిమేలమ్మకు ఒక అలవాటు. ఏ సొరకాయ కోసినా ముందు పలచటి ముక్క ఒకటి నాలుక మీద వేసుకుంటుంది. వేసుకుంది. ఉమ్మేసింది.

"ఏమప్పా ఆదిమూలం, ఇది సొరకాయా, వేపకాయా?"

"అక్కా, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకోని ఉంటావు. ఆ చేదు."

"నోరు తెరువు."

తెరిచాడు. ముక్క పెట్టింది. ఆదిమూలం ముఖంలో నవ్వు చెదరకుండా నమిలాడు. మింగాక ఆ నవ్వును ఏం చేయాలో తెలియలేదు. రెండో కాయ కోశారు. మూడోది కోశారు. పన్నెండూ కోశారు. పన్నెండూ పళవేర్కాడు చేదు. మేళగాళ్ళు డోలు ఆపి చూస్తున్నారు. చివరికి ఎవరో బండి మీద తిరువళ్ళూరు మార్కెట్టుకు పోయి క్యాబేజీలు తెచ్చారు. విందులో క్యాబేజీ కూటు తింటూ నూటయాభైమందీ సొరకాయ గురించే మాట్లాడుకున్నారు.

అంతటితో పోలేదు. గింజలు పోయిన పద్దెనిమిది ఇళ్ళల్లోనూ అదే కాపు. వీధి చివర ఉండే రామానుజం రుచి చూడకుండానే వండుకుని, ఆదిమూలం కాయ కదా అని రెండుసార్లు వడ్డించుకుని, రెండు రోజులు కక్కుతూ మంచానికీ దొడ్డికీ మధ్య తిరిగాడు. లేచాక కత్తి పట్టుకుని తీగను మొదట్లో నరికేశాడు. మిగిలినవాళ్ళూ నరికేశారు. ఆ వారం కడంబత్తూరులో మేకలకు సొరతీగలే తిండి. మేకలు కూడా మొహాలు చిట్లించాయి.

పెరట్లో కూర్చున్న మొగుడికి మునిలక్ష్మి విషయం విడమర్చి చెప్పింది.

"పోయిన ఏడు కాయ తల్లిది. అందుకే బాగుండె. లోపల ఉండే గింజలు గదా బిడ్డలు. అవి నాయన్ని పోలినాయి."

ఆదిమూలం తల తిప్పాడు. కోళ్ళగూటివైపు చూశాడు. వీధి వెక్కిరింపులు ఆయనకు కొత్త కాదు, రెండింతలు తిరిగి ఇవ్వగలడు. కానీ పందిరి మీద ఇప్పుడు ఉన్నది తన కాయ కాదు. అమ్మ తెచ్చిన కాయ, పద్దెనిమిది ఇళ్ళల్లో కాచిన కాయ, ఇంక ఎక్కడా లేదు. దాన్ని పోగొట్టింది పురుగూ కాదు, వానా కాదు. తన చెయ్యే, స్టూలు ఎక్కి మరీ.

రెండు రోజులు వెతికాడు. తిరువళ్ళూరు మార్కెట్టులో విత్తనాల అంగడివాడు రంగుల పొట్లాం చూపించి కండిప్పా, తప్పకుండా కాస్తాదన్నాడు. కాస్తుంది, నిజమే. కానీ అది ఆ పొట్లాంవాడి కాయ.

మూడో రోజు మునిలక్ష్మి నెమ్మదిగా అంది: "మూడేండ్ల కింద మా అన్నకు రొన్ని గింజలు ఇచ్చినాను. నీకు చెప్పలేదు. డబ్బాలో నాటినాడంటే నువ్వు ఎగతాళి చేస్తావని."

ఆదిమూలం ఆ పూట అన్నం సగంలో లేచాడు.

తిరుత్తణికి పోయేటప్పుడు సంచిలో ముల్లంగి, గోరుచిక్కుళ్ళు, రెండు పొట్లకాయలు పెట్టుకున్నాడు. సొరకాయ లేదు. రత్నస్వామి సంచి విప్పి చూసి, మూసి పక్కన పెట్టాడు. చెల్లెలు ముందే ఫోన్ చేసింది. అయినా ఏమీ తెలియనట్టు వానల గురించి అడిగాడు, మురళి గురించి అడిగాడు, లాడ్జిలో ఒక యాత్రికుడు గది తాళంతోపాటు తలుపు పిడి కూడా ఊడదీసుకుపోయిన సంగతి చెప్పాడు. ఆదిమూలం మూడు కాఫీలు తాగాడు.

"ఇంగ అడుగు బావా. ఎంతసేపు ఓర్చుకుంటావు? కడుపు ఉబ్బిపోతాది," అన్నాడు రత్నస్వామి.

"ఏముండాది అడిగేదానికి... మీ మిద్దె ఎట్ల ఉండాదో చూద్దామని."

"మిద్దె బాగుండాది. డబ్బాలూ బాగుండాయి. ఎన్ని స్పూన్లో కొలవలేదు."

ఆదిమూలం నేలచూపు చూశాడు. "ఆ సొర... ఉండాదా బావా?"

"ఏ సొర? రాయల దండు సొరనా?"

"నువ్వు ఏ పేరన్నా పెట్టుకో. ఉండాదా?"

మిద్దె మీద నీలం పెయింటు డబ్బాలోనుంచి ఒక తీగ బయలుదేరి, బట్టలు ఆరేసే తీగమీద పాకి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగింది. చివరి మూడు గింజలు నాటితే ఒక్కటే మొలిచిందట. కాసినవన్నీ లేతగానే కోసుకు తినేశారు. ట్యాంకు నీడలో ఒక్క పిందె మిగిలింది, మోచేతి పొడవు. లేత పచ్చరంగు, నూగు, తొడిమ దగ్గర సన్నటి మెడ. ఆదిమూలం దాన్ని ముట్టుకోలేదు. వంగి, వాసన చూసి, లేచి నిలబడ్డాడు.

"రేపు కూటు చేద్దామనుకుంటా ఉండాము," అన్నాడు రత్నస్వామి.

"బావా!"

"సరే, సరే. చెయ్యములే. కానీ ఒకటి చెప్పు. ఇది ఎవురి కాయ?"

ఆదిమూలానికి జవాబు తెలుసు. అది నోటిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. "ఎవురిదైతే ఏమి? కాయ కాయే," అన్నాడు.

రత్నస్వామి నవ్వి వదిలేశాడు. "పెట్టుకో. కానీ అది ముదిరేదానికి ఇంగా యాభై రోజులు కావాల. ఈ మిద్దెకు కొండ మీద కోతులు వస్తాయి. నేను పగలంతా లాడ్జిలో ఉంటాను. ఎవురు కాపలా?"

ఎవరో అప్పటికే తేలిపోయింది. ఆదిమూలం ఆ రోజే మునిలక్ష్మికి ఫోన్ చేసి రెండు లుంగీలు పంపమన్నాడు.

అలా డబ్బా వ్యవసాయాన్ని పదిహేనేళ్ళు వెక్కిరించిన మనిషి, ఒక పెయింటు డబ్బా పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో వెదురు కర్ర, కాళ్ళ దగ్గర వాయించడానికి ఖాళీ నూనె డబ్బా. కాయకు గోనెసంచి చుడదామంటే రత్నస్వామి ఒప్పుకోలేదు.

"మూట కడితే కోతికి ఇంగా ఆశ. కొండ మీద ప్రసాదం పొట్లాం అనుకుంటాది."

రోజులు గడిచాయి. ఊరికే కూర్చోలేక ఆదిమూలం మిగతా పదకొండు డబ్బాల్నీ సవరించాడు. మట్టి గుల్ల చేశాడు, బూడిద చల్లాడు, వంగ మొక్కకు ఊతం కట్టాడు. రత్నస్వామి సాయంత్రం వచ్చి చూసి, "జీతం ఏం అడగవు గదా బావా?" అనేవాడు. ఆదివారం బావ ఇంట్లో ఉంటాడు కాబట్టి ఆదిమూలం కడంబత్తూరు పోయి వచ్చేవాడు. అక్కడ ఎవరూ ఆయన్ని కథలు అడగడం లేదు. అలిమేలమ్మ ఎదురైతే తలుపు వేయదు గానీ, తెరవనూ తెరవదు.

కార్తీకం పోయి మార్గళి వచ్చింది. కాయ నూగు రాలి, పచ్చరంగు పాలిపోయి, పెంకు గోటికి లొంగడం మానేసింది. ముప్పైఎనిమిదో రోజు. ఇంకో పన్నెండు రోజులు చాలు.

పక్క మిద్దె మీద ప్రియంక బట్టలు ఆరేస్తోంది. నర్సింగు చదివే పిల్ల. "తాతా, ఇన్ని రోజులుగా కూర్చోని ఉండారే, కోతులు మిమ్మల్ని ఏమీ చెయ్యవా?" అని అడిగింది.

నెలన్నరగా ఎవరూ ఏదీ అడగని మనిషిని అడగకూడని మాట అది.

"నన్నా?" ఆదిమూలం కర్ర పక్కన పెట్టి, కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు. "మొన్న ఒక గండుకోతి వచ్చినాది. దూడంత ఉండాది. నేను కర్ర ఎత్తలేదు. కండ్లలోకి చూసినాను, అంతే. అది రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మెట్ల మీద నడుచుకుంటా దిగి, కింద చెప్పులు కూడా..."

"తాతా! వెనక!"

ఒక చిన్న ఆడకోతి. పిల్లిని మించి లేదు. కాయను బిడ్డలాగా రెండు చేతులా పొదువుకుని పిట్టగోడ ఎక్కింది. ఆదిమూలం నూనె డబ్బా వాయించాడు, అరిచాడు, తమిళంలో తిట్టాడు, తెలుగులో బతిమాలాడు. కోతి కాయను ఒకసారి కొరికింది. పెంకు పంటికి ఆనలేదు. ఇంత గట్టి సరుకు ఎవరికి కావాలన్నట్టు చూసి, వీధిలోకి వదిలేసింది.

సిమెంటు రోడ్డు మీద పడి కాయ మూడు ముక్కలైంది. ఆదిమూలం మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. కొండకు పోయే ఆటోల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, లుంగీ ఒడిలోకి గుజ్జూ గింజలూ ఎత్తుకున్నాడు. ఒక ఆటోవాడు హారన్ కొట్టి, ఎందుకో ఆపేసి, తానూ దిగి కాలవ పక్కన పడిన ముక్క తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం రత్నస్వామి వచ్చేసరికి ఆదిమూలం మిద్దె మీద చేటలో గింజలు పరుచుకుని కూర్చున్నాడు. ఏమనిపించుకోవాలో అంతా ముందే అనుకుని సిద్ధంగా ఉన్నాడు. రత్నస్వామి చేటవైపు ఒకసారి చూశాడు. కిందికి పోయి చెంబునిండా నీళ్ళు తెచ్చాడు.

"పోయి బావా. మునిగేటివి గింజలు, తేలేటివి తాలు."

చేటెడు గింజలు. పోశారు. ఒకదాని వెనక ఒకటి పైకి తేలాయి. పాలు పట్టకుండానే కాయ పోయింది మరి. ఆదిమూలం వేలితో నీటిని కలిపాడు. తెల్లటి తాలు చుట్టూ తిరిగింది. దాన్ని దోసిళ్ళతో తీసి పారబోశారు. చెంబు అడుగున పదకొండు గింజలు నల్లగా మిగిలాయి.

ఆదిమూలం వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పదకొండు చాలు బావా. తీసుకోని పో," అన్నాడు రత్నస్వామి. "నీకు పెరడు ఉండాది, పందిరి ఉండాది. నాదేముండాది, డబ్బాలు."

ఆదిమూలం గింజల్ని అరచేతిలో పోసుకుని, గుడ్డతో ఒక్కొక్కటే తుడిచాడు. ఆరు ఒక కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఐదు బావ చేతిలో పెట్టాడు.

"ఇవి నీ దగ్గరే ఉండనీ."

"ఎందుకు?"

"నాకు మళ్ళీ యాడన్నా మంచి మాప్పిళ్ళై కనబడితే?" అన్నాడు ఆదిమూలం. "నా మీద నాకే నమ్మకం లేదు బావా. రెండిండ్లలో ఉంటే మేలు. ఆ నీలం డబ్బాలోనే నాటు. దాంట్లో మట్టి బాగా పట్టుకోనుండాది."

రత్నస్వామి ఐదు గింజల్నీ చొక్కా జేబులో వేసుకుని, జేబు పైనుంచి ఒకసారి తట్టాడు. "ఐదు గింజలకు ఎన్ని స్పూన్లు వస్తాయంటావు?"

"ఊరుకో బావా," అన్నాడు ఆదిమూలం.

మరునాడు పొద్దున అరక్కోణం మీదుగా పోయే రైలు. ఎదురు సీట్లో జగన్నాథన్ అని ఒక పూల వ్యాపారి. జేబును మాటిమాటికీ తడుముకుంటున్న మనిషిని చూసి, ఏముందని అడిగాడు. ఆదిమూలం చెప్పడం మొదలుపెట్టాడు. అరక్కోణం వచ్చేసరికి పిల్లిని మించని కోతి దూడంత అయింది. తిరువాలంగాడు దగ్గర దానికి ఇద్దరు అన్నదమ్ములు పుట్టారు. మణవూరు దాటాక ఆదిమూలం మిద్దె మీదనుంచి దూకి, నేలకు తగలకముందే కాయను గాలిలో పట్టుకున్నాడు. జగన్నాథన్ పూలబుట్ట మీద చెయ్యి వేసుకుని నోరు తెరిచి విన్నాడు.

"అంత గొప్ప కాయ ఎవురిదండీ? మీ పెరట్లోదేనా?"

రైలు కడంబత్తూరులో ఆగుతోంది. ఆదిమూలం లేచి నిలబడి సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"కాదు. మా అమ్మ పుట్టింటిది. తిరుత్తణిలో మా బావ పెయింటు డబ్బాలో కాపాడినాడు," అని చెప్పి దిగిపోయాడు.